అర అంగుళం తక్కువ!

జాన్ ఫోర్డ్ తీసిన ‘ది క్వయట్ మాన్’ చూశారా మీరు? 1952లో విడుదలైన సినిమా. జాన్ వేన్ హీరో, మౌరీన్ ఓహారా హీరోయిన్. అందులో ఒక తమాషా సీను వుంది. హీరోయిన్ తన కాపురంలో వచ్చిన కలతను చెప్పుకోవటానికి ఫాదరీ దగ్గరకు వస్తుంది. ఆయనేమో ఏటి దగ్గర గాలం వేస్తూ వుంటాడు. ఆమె గోడు ఒక చెవికి, నీళ్ళలో అలికిడి ఇంకో చెవికి! సరిగ్గా ఆమెను మందలించే సమయానికి చేప గాలానికి తగులుకుంటుంది. ఇక గోడూ లేదు, మందలింపూ లేదు. ఫాదరీగారి ప్రాణమంతా గాలం కొసనే!

ఆ సీను చూసినప్పుడు పగలబడి నవ్వాను. ఆ సినిమా తీసిన వూరికే వెళ్ళి, ఆ వూరి సరస్సులో నేనే గాలం పట్టుకుని కూర్చున్నాక మాత్రం నవ్వు రాలేదు. ఆ ఫాదరీ మీద జాలి కలిగింది!

ఆ కథే యిది.

సినిమా వూరు

మొన్న మే నెలలో అక్కయ్య వాళ్ళింటికి ఐర్లండు వెళ్ళాను. వాళ్ళుండేది పడమటి తీరంలోని గాల్వే నగరం. అక్కయ్య ఆస్పత్రిలో నర్సు. బావ కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగి. వెళ్ళిన రెండోరోజే బావ అడిగాడు, “ఏమోయ్, సినిమా పత్రికలకు రాస్తావుగా, సినిమా వూరు చూస్తావా, చేపలు చూస్తావా?” అని.

“రెండూ ఒకేచోట వుంటే రెండూ చూస్తాను బావా” అన్నాను నవ్వులాటకి.

నిజంగానే రెండూ ఒకేచోట వున్నాయి! గాల్వే నుంచి కారులో గంట దూరం. కాంగ్ అనే చిన్న వూరు. 1951 వేసవిలో ‘ది క్వయట్ మాన్’ ఔట్‌డోర్ షూటింగు చాలావరకు ఈ చుట్టుపక్కలే జరిగింది. యూనిట్ బస చేసిన ఆష్‌ఫర్డ్ కోట ఇప్పటికీ పెద్ద హోటలే. ఫోర్డ్‌కి ఆ సినిమా నాలుగోసారి ఉత్తమ దర్శకుడి ఆస్కార్ తెచ్చిపెట్టింది. ఊళ్ళో జాన్ వేన్ మౌరీన్ ఓహారాను చేతులమీద ఎత్తుకున్న విగ్రహం వుంది. 2013లో పెట్టారట. వచ్చినవాళ్ళంతా దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నేనూ దిగాను. దాచటం ఎందుకు!

కాంగ్ అనే పేరుకు ఐరిష్ భాషలో రెండు నీళ్ళ మధ్య వున్న సన్నటి నేల అని అర్థం. ఉత్తరాన మాస్క్ సరస్సు. దక్షిణాన కారిబ్ సరస్సు. మాస్క్ నీళ్ళు సున్నపురాతి నేల కింద సొరంగాల్లోంచి పారి, ఈ వూరి దగ్గర పైకి ఉబికి, కారిబ్‌లో కలుస్తాయి. 1850 ప్రాంతంలో ఈ రెంటినీ కలుపుతూ పడవల కాలువ ఒకటి తవ్వారు. కరువు కాలంలో జనానికి కూలీ దొరుకుతుందని తలపెట్టిన పని. ఏళ్ళ తరబడి తవ్వారు. తీరా చూస్తే సున్నపురాయిలో నీళ్ళు నిలవవు! ఆ ఎండు కాలువ ఇప్పటికీ అట్లాగే వుంది.

“కాలువను ముంచిన రాయే చేపను పెంచింది” అన్నాడు బావ. సున్నం కలిసిన నీళ్ళలో పురుగూ పుట్రా బాగా పెరుగుతాయి. వాటిని తిని ఇక్కడి ట్రౌట్ చేప బలుస్తుందన్నమాట.

ఏటి మీద రాతితో కట్టిన ఒక చిన్న గది చూపించాడు. పాత మఠంలోని సన్యాసులు చేపలు పట్టుకున్న గది. నేలలో ఓ కంత. కంతలోంచి వల వేసేవాళ్ళు. చేప పడగానే మఠం వంటింట్లో గంట మోగేటట్టు తాడు కట్టుకున్నారని చెప్పుకుంటారు. సన్యాసులైనా పులుసు మీద ధ్యాస పోలేదు సుమండీ!

ఒక్కరోజు తార

ట్రౌట్ అంటే మనకు తెలియని చేపేం కాదు. మన సినిమా యూనిట్లు పాటలు తీయటానికి పరుగెత్తే కాశ్మీరులోనూ ఊటీ కొండల్లోనూ వుంది. 1900 ప్రాంతంలో స్కాట్లండు నుంచి గుడ్లు తెప్పించి కాశ్మీరు ఏళ్ళలో పెంచారు. ఊటీ దగ్గర అవలాంచిలో 1907లో గుడ్లు పొదిగే కేంద్రం పెట్టారు. చల్లటి, శుభ్రమైన నీళ్ళుంటేనే బతుకుతుంది. కొంచెం వేడెక్కినా, మురికి పడినా దానికి ఊపిరాడదు. అందుకే మన గోదావరి, కృష్ణల్లో కనబడదు. కారిబ్‌లో వున్నది మాత్రం తెచ్చి వేసింది కాదు, అక్కడి సొంత చేప. గోధుమరంగు ఒంటిమీద నల్లటి, ఎర్రటి చుక్కలు.

మేం వెళ్ళింది మేఫ్లై రోజులు. మే నెల మధ్య నుంచి జూన్ మొదట్లో దాకా వుండే పండగ అది. మేఫ్లై అంటే రెక్కల పురుగు. దాని బతుకు విన్నాక నాకు మన జూనియర్ ఆర్టిస్టులు గుర్తొచ్చారు. రెండేళ్ళపాటు సరస్సు అడుగున బురదలో పడివుంటుంది. ఒకరోజు నీళ్ళమీదికి తేలి, చర్మం చీల్చుకుని, రెక్కలు విప్పుతుంది. ఒడ్డు పొదల్లో ఇంకోసారి పొర వదిలి, గాజులాంటి రెక్కలతో సాయంత్రం గాల్లో ఆడుతుంది. జోడు కడుతుంది, గుడ్లు పెడుతుంది, చచ్చిపోతుంది. ఇంత ముస్తాబుకీ తిండి తినే నోరైనా వుండదు! రెండేళ్ళు బురదలో, ఒక్కరోజు తెరమీద. ఆ ఒక్కరోజు దర్శనం కోసం సరస్సులోని ట్రౌట్లన్నీ నోళ్ళు తెరుచుకుని పైకి వస్తాయి. వాటికోసం దేశదేశాల గాలాలవాళ్ళు వస్తారు. ఊళ్ళో బస గదులకు హౌస్‌ఫుల్ బోర్డే!

కార్డు మీద ఏడాది

బావ అక్కడి ఒక గాలాల క్లబ్బులో సభ్యుడు. క్లబ్బంటే పేకాట, షోకులు వూహించుకోకండి. సరస్సు ఒడ్డున పడవల రేవు, ఓ రేకుల గది, గోడకి మేకు, మేకుకి ఒక అట్ట. అంతే! ఆ అట్టమీద ఏడాది మొత్తం వుంది.

ఫిబ్రవరి 15న సీజన్ ప్రారంభం. అంటే మొదటిరోజు మొదటి ఆట! చలి ఎముకలు కొరుకుతున్నా ఆరోజు పడవ దించకపోతే పరువు తక్కువట. ఏప్రిల్‌లో చిన్న నల్ల ఈగల రోజులు. మేలో మేఫ్లై. ఎండలు ముదిరితే చేప లోతుకు దిగిపోతుంది, అప్పుడు ఇంటర్వెల్. ఆగస్టులో పొడుగుకాళ్ళ ఈగలు, మిడతలు. ఆ నెలలోనే పక్కనున్న మాస్క్ సరస్సు మీద ప్రపంచ పోటీలు. సెప్టెంబరు 30న శుభం కార్డు!

అట్ట అడుగున నిబంధనలు. మనిషికి రోజుకు నాలుగు ట్రౌట్లు మించరాదు. 13 అంగుళాల కంటే తక్కువ పొడవున్న చేపను నీళ్ళలో వదిలేయాలి.

“లైసెన్సు కూడా కావాలేమో?” అన్నాను.

“ఈ చేపకు అక్కర్లేదు. సాల్మన్‌కి కావాలి. ఈ సరస్సులో ట్రౌట్ ఎవరైనా పట్టుకోవచ్చు.”

“మరి క్లబ్బెందుకు బావా?”

“అక్టోబరు నుంచి జనవరి దాకా అట్టమీద ఏం రాసుందో చూడు” అన్నాడు.

చూశాను. ‘ఏళ్ళ పని’ అని మాత్రమే రాసివుంది.

కోడిపుంజు ఈకలు

బావ ఈ క్లబ్బులో చేరింది చేపల కోసం కాదట. చలికాలంలో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అక్కయ్యకు రాత్రి డ్యూటీలు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, ఈకలతో దొంగ పురుగులు కట్టటం నేర్పుతామన్న కాగితం చూసి వెళ్ళాడట. నేర్పినాయన ఒక ముసలి పడవవాడు. ఇప్పటికి ఏడేళ్ళ స్నేహం.

ఆ పెద్దాయన గదిలో ఈకల పెట్టె తెరిచి చూపించాడు. కుందేటి బొచ్చు, నెమలి ఈక పోగులు, కోడిపుంజు మెడ ఈకలు. నేను ఊరుకోలేక “ఇది డేగ, ఇది కాకి, ఇది సేతు” అంటూ రంగులు చెప్పటం మొదలుపెట్టాను. సంక్రాంతి పందేలు చూసి పెరిగిన వాణ్ణి కదా! ఆయన కళ్ళజోడు సవరించుకుని నావైపు చూశాడు. అంతదాకా నన్ను పట్టించుకోని మనిషి పక్కకి జరిగి చోటిచ్చాడు.

“ఈకల్లో పాతకాలం నుంచీ మీ దేశం పుంజుకే పేరు” అన్నాడు. బూడిదరంగు అడవికోడి మెడ ఈక ఒకటి తీసి అరచేతిలో పెట్టాడు. కొసన మైనం అద్దినట్టు తెల్లటి, పసుప్పచ్చటి చుక్కలు. ఆ పక్షి మన దేశానిది. దాని ఈకలు ఎగుమతి చేయకూడదని మన ప్రభుత్వం ఎప్పుడో నిషేధం పెట్టింది. ఇప్పుడు అక్కడివాళ్ళు పెంచిన పక్షుల ఈకలే వాడుకుంటారట. పుట్టిన దేశం వదిలి వెళ్ళి అక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేసిందన్నమాట.

“మనలాగే!” అన్నాడు బావ తెలుగులో.

సరస్సు మీద

మర్నాడు పొద్దున్నే సరస్సులోకి దిగాం. పంతొమ్మిది అడుగుల చెక్క పడవ. ముగ్గురికీ లైఫ్ జాకెట్లు. అక్కయ్య పులిహోర కట్టి యిచ్చింది. “చింతపండు ఇంకొంచెం నానబెట్టి వుంచుతున్నాను. చేప తెచ్చే పూచీ మీది!” అని గుమ్మం దగ్గరే హెచ్చరించింది.

కారిబ్ విస్తీర్ణం 176 చదరపు కిలోమీటర్లు. ఐర్లండు రిపబ్లిక్‌లో అంతకంటే పెద్ద సరస్సు లేదు. ఎటు చూసినా చిన్న చిన్న లంకలు. ముందుగా ఒక లంకలో దిగి, ముళ్ళపొదల ఆకుల కింద దాక్కున్న మేఫ్లైలను ఏరి, గాలి కంతలున్న చెక్కపెట్టెలో వేసుకున్నాం. బడిపిల్లలు వీటిని ఏరి గాలాలవాళ్ళకు అమ్మి చిల్లర సంపాదించటం అక్కడ పాత అలవాటు.

ఇక గాలం. దాన్ని గాలం అనటమే తప్పు. పదిహేను అడుగుల కర్ర. కొసన పట్టుపోగులాంటి తేలిక దారం. ముల్లుకి రెండు బతికున్న మేఫ్లైలు. విసరటం లేదు, గుంజటం లేదు. కర్ర నిటారుగా ఎత్తి పట్టుకుంటే గాలే దారాన్ని ముందుకు తోస్తుంది. పురుగులు అలలమీద అట్లా అట్లా తాకుతూ ఆడాలి. పడవ అడ్డంగా తిరిగి గాలికి కొట్టుకుపోతూ వుంటుంది.

“చేప నోట పట్టగానే లాగకు. మూడు లెక్కపెట్టు” అన్నాడు పెద్దాయన.

గంట గడిచింది. రెండు గంటలు. చెయ్యి పీకుతోంది. హఠాత్తుగా నీళ్ళమీద ఒక వుంగరం తిరిగింది. పురుగులు మాయం! మూడు కాదుగదా, ఒకటి కూడా లెక్కపెట్టకుండా గుంజాను. ఖాళీ ముల్లు నా మొహం మీదికి వచ్చింది. ఫాదరీగారు గుర్తొచ్చారని చెప్పానే, అది అప్పుడే!

మధ్యాహ్నం ఇంకో లంకలో దిగి, మధ్యలో పొగగొట్టం వున్న కెటిల్లో పుల్లలు మండించి టీ కాచాడు పెద్దాయన. పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఎండుమిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే కబుర్లు మొదలుపెట్టాడు.

అప్పుడు తెలిసింది ‘ఏళ్ళ పని’ అంటే ఏమిటో. చలికాలంలో ట్రౌట్లు సరస్సు వదిలి చిన్న చిన్న ఏళ్ళలోకి ఎదురీదుతాయి. ఆడచేప తోకతో గులకరాళ్ళు కదిలించి గుంట చేస్తుంది. గుడ్లు పెట్టి, మళ్ళీ గులకతోనే కప్పేస్తుంది. ఆ రాళ్ళ సందుల్లోంచి చల్లని నీరు నెలల తరబడి ఆడుతూ వుండాలి. పశువులు తొక్కి ఒడ్డు విరిగినా, బురద పేరుకున్నా, గుడ్లు ఊపిరాడక చస్తాయి. అందుకని ఈ క్లబ్బువాళ్ళు రైతులను బతిమాలి ఒడ్డున కంచెలు కడతారు. పడిపోయిన చెట్లు తీస్తారు. మత్స్యశాఖ వాళ్ళతో కలిసి గులక పోస్తారు. ఈతకొచ్చిన చేపను దొంగలు ఎత్తుకుపోకుండా రాత్రిళ్ళు లాంతర్లు పట్టుకు తిరుగుతారు. ఒక్క రూపాయి ఆదాయం లేదు. ఆ రోజుల్లో ఒక్క చేపా పట్టకూడదు!

“ఆ చలిలో నడుంలోతు నీళ్ళలో నిలబడి గులక సర్దాడు మీ బావ. అప్పుడు వీణ్ణి మావాడనుకున్నాను” అన్నాడు పెద్దాయన.

బావ టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

గోనెపట్టా, గుర్రపుడెక్కా

ఇంకో సంగతి కూడా అక్కడే విన్నాను. 2005లో ఈ సరస్సులో ఒక పరదేశపు నాచు కనబడింది. పుట్టిల్లు దక్షిణాఫ్రికా. అద్దాల తొట్లలో చేపల పక్కన అందం కోసం పెంచే మొక్క. ఎట్లానో సరస్సులో పడింది. ముక్క తెగితే ముక్కే కొత్త మొక్క! చూస్తుండగానే లోతు తక్కువ చోట్ల చాపలా అల్లుకుపోయింది. పడవ కదలదు, కిందికి వెలుతురు పోదు. కోసి పారేసినా మళ్ళీ మొలిచింది.

చివరికి దానికి చేసిన వైద్యం ఏమిటో తెలుసా? గోనెపట్ట! మన బియ్యం బస్తాల నార. జనపనారతో నేసిన పెద్ద పెద్ద పట్టలను సరస్సు అడుగున దుప్పటిలా పరిచారు. వెలుతురు అందక ఆ నాచు చచ్చింది. విచిత్రమేమిటంటే, అక్కడి సొంత మొక్కలు మాత్రం నేత సందుల్లోంచి మళ్ళీ పైకి వచ్చాయి. కొన్నాళ్ళకు పట్ట తనంతట తనే కుళ్ళి నేలలో కలిసిపోతుంది. నాచు పూర్తిగా పోలేదు. ఇప్పటికీ కాపలా కాస్తూనే వున్నారు. ఒక సరస్సులో దించిన పడవను కడిగి ఆరబెట్టకుండా ఇంకో సరస్సులో దించవద్దంటారు.

వింటూ వుంటే నాకు మా వూరి చెరువు కళ్ళముందు కదిలింది. కృష్ణా డెల్టాలో మా వూరు. నా చిన్నప్పుడు నాన్న ఆ చెరువుగట్టున వెదురుగాలం వేసి కొర్రమీను పట్టేవాడు. తరవాత గుర్రపుడెక్క వచ్చింది. అదీ పరదేశపు మొక్కే, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. ఊదారంగు పూలు చూసి మొదట్లో మేం పిల్లలం మురిసిపోయాం కూడా. రెండేళ్ళలో నీళ్ళు కనబడలేదు. “పెద్దవాళ్ళు చూసుకుంటారులే” అని వూళ్ళో అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఆ పెద్దవాళ్ళెవరో ఇప్పటికీ తెలియలేదు! నాన్న గాలం అటకెక్కింది.

అర అంగుళం

సాయంత్రం నాలుగు దాటింది. బావకు ఒక్కటీ పడలేదు. పెద్దాయన పట్టినది ఒకటి, దాన్ని ఆయన చూడకుండానే వదిలేశాడు. గాలి కాస్త తగ్గింది. అప్పుడు మళ్ళీ నీళ్ళమీద వుంగరం!

ఒకటి.. రెండు.. మూడు. ఎత్తాను.

కర్ర విల్లులా వంగింది. అవతలి కొసన ఒక ప్రాణం! ఆ బరువు చేతిలోంచి గుండెలోకి వస్తుంది. సినిమాల్లో ఎన్ని క్లైమాక్సులు చూసినా నా చేతులు యిట్లా వణకలేదు. పెద్దాయన చిక్కంతో అందుకున్నాడు. బంగారు రంగు పొట్ట, ఎర్ర చుక్కలు. అబ్బ! పులుసు నా కళ్ళముందే కుతకుత వుడికింది.

ఆయన తడిచేతుల్తో చేపను పట్టుకుని పడవ చెక్కకు కొట్టిన కొలబద్ద మీద ఆనించాడు. ఏమీ మాట్లాడలేదు. బావ వంగి చూశాడు. నేనూ చూశాను.

పన్నెండున్నర.

“తోక కాస్త నొక్కి దగ్గరగా పెడితే పదమూడు అవుతుంది బావా” అన్నాను తెలుగులో. రోజంతా పడ్డ పాటు అట్లా అనిపించింది.

“అవుతుంది” అన్నాడు బావ. “మరి వచ్చే చలికాలం ఆ ఏట్లో ఈయన పక్కన ఎట్లా నిలబడమంటావ్?”

పెద్దాయనకు మా భాష రాదు. అయినా అర్థమయిందేమో, చేపను నా చేతుల్లోకే యిచ్చాడు. నీళ్ళలో ముంచి పట్టుకోమన్నాడు. చల్లటి ఒళ్ళు వేళ్ళ మధ్య ఒకసారి, రెండుసార్లు ఊపిరి తీసుకుంది. తోక ఒక్క విసురు విసిరింది. నా మొహం మీద నాలుగు చుక్కలు చిమ్మి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అక్కయ్య నానబెట్టిన చింతపండు చారయింది.

“ఇద్దరు మగాళ్ళు, ఒక పడవ, ఒక రోజు.. చారు!” అని అక్కయ్య నవ్వుతూనే వుంది. పడుకోబోయే ముందు నాన్నకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అర అంగుళం సంగతి విని ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“మాకు కొలబద్దలు లేవురా” అన్నాడు. “కొర్రమీను పిల్లల్ని చేసినప్పుడు అవి ఎర్రగా గుంపుగా తిరుగుతాయి. తల్లీ తండ్రీ వాటి కిందే కాపలా వుంటాయి. అప్పుడు గాలం వేస్తే పడటం తేలిక. మా నాన్న వేయనిచ్చేవాడు కాదు. వేస్తే చెయ్యి విరగ్గొడతానన్నాడు.”

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

“చెరువెట్లా వుంది నాన్నా?”

“ఎట్లా వుంటుంది! పచ్చగా వుంది” అన్నాడు.

ఫోన్ పెట్టేసి హాల్లోకి వచ్చాను. బావ దీపం కింద కూర్చుని నేను పారేసిన ముల్లుకి మళ్ళీ ఈక చుడుతున్నాడు.

“బావా, ఆ ఏళ్ళ పనికి మొదట్లో ఎంతమంది వచ్చేవాళ్ళట?” అని అడిగాను.

“పెద్దాయన చెప్పేవాడు. మొదటి ఆదివారం నలుగురేనట” అన్నాడు, దారం కొస పంటితో కొరుకుతూ.